మందుకు చచ్చేది గబ్బిలం, బతికేది పురుగు

పంట తినే పురుగు గురించి మన రైతుకూ, కూలీకీ ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పత్తికాయను తొలిచేదేదో, కందికాయలో దూరేదేదో, శనగ చేనును గుల్ల చేసేదేదో కలుపు తీసే మన ఆడకూలీలు చూపుతోనే చెప్పేస్తారు. కాని ఆ పురుగును తినే జీవాల గురించి మనకు చెప్పినవాళ్లు తక్కువ. పురుగుకు మందొక్కటే విరుగుడు అని చెప్పినవాళ్లు ఎక్కువ. అలా చెప్పినవాడే ఆ మందు అమ్ముకునేవాడు కూడా కావడం మనం గమనించాలి.

ఈ వారం మేం రెండు జీవాలను పక్కపక్కన పెట్టి చూడదలిచాం. వొకటి గబ్బిలం, రెండోది రెక్కల పురుగు. రెండూ అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికీ, దాన్ని ఆనుకున్న మెక్సికోకూ చెందినవి. మన చేలు వదిలిపెట్టి అంతదూరం పోవడమెందుకని అడగవచ్చు. ఈ రెండింటి లెక్కనూ శాస్త్రజ్ఞులు ముప్పయ్యేళ్లకు పైగా శ్రద్ధగా తీసింది అక్కడే. పైగా ఆ పురుగు మన శనగపచ్చ పురుగుకు తోబుట్టువు వంటిది. శాస్త్రజ్ఞులు రెంటినీ హెలికోవెర్పా అనే వొకే ఇంటిపేరుతో పిలుస్తారు. మనది ఆర్మిజెరా, వాళ్లది జియా. అక్కడ జరిగింది తెలిస్తే ఇక్కడ జరుగుతున్నది అర్థమవుతుంది.

వెయ్యి గుడ్ల పురుగు

ఆ పురుగును అక్కడ మొక్కజొన్న మీద చూస్తే కంకి పురుగంటారు, పత్తి మీద చూస్తే కాయతొలుచు పురుగంటారు. పేర్లు రెండైనా పురుగు వొకటే. చేలో మనం చూసేది దాని పిల్లను, అంటే లద్దె పురుగును. రెక్కలొచ్చిన తల్లి పురుగు పైరును కొరకదు. పూలలో తేనె తాగి బతుకుతుంది. దాని పనల్లా గుడ్లు పెట్టడమే. వొక్క ఆడ పురుగు వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. అన్నీ వొకచోట పెట్టదు. కంకి పీచు మీద వొకటి, లేత మొగ్గ మీద వొకటి చొప్పున చేనంతా చల్లుకుంటూ పోతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికొచ్చి రెండు మూడు వారాలు తిని మట్టిలోకి దిగుతుంది. ఎండాకాలమైతే నెల తిరిగేసరికి మళ్లీ రెక్కలతో పైకి లేస్తుంది. వొక్క పంటకాలంలోనే తల్లీ, కూతురూ, మనవరాలూ అందరూ గుడ్లు పెట్టేస్తారన్నమాట.

జూన్ నెలలో రియో గ్రాండే నది దిగువ లోయలో మొక్కజొన్న ఎండుముఖం పడుతుంది. తిండి అయిపోయిన చోట పురుగు నిలవదు. చీకటి పడగానే లేచి, దక్షిణపు గాలి పట్టుకుని, వందల మీటర్ల ఎత్తున ఉత్తరానికి సాగుతుంది. కోట్లకొద్దీ పురుగులు వొక్క రాత్రిలో వందల కిలోమీటర్లు పోగలవు. లోయలో పుట్టింది ఎక్కడో పైనున్న పత్తి చేలో దిగుతుంది. అక్కడి రైతు తన చేనుకు ఎన్నిసార్లు మందు కొట్టినా, తనకు కనపడని చోటునుంచి కొత్త పురుగు వస్తూనే వుంటుంది.

వొక్క పిల్ల గబ్బిలం

ఇక గబ్బిలం సంగతి. దీన్ని మెక్సికో విడితోక గబ్బిలం అనవచ్చు. తోక రెక్కల పొరను దాటి విడిగా బయటికి వుంటుంది గనక ఆ పేరు. బరువు తులం బంగారమంత. చలికాలం మెక్సికోలో గడిపి, ఎండలు మొదలయ్యే వేళకు ఉత్తరానికి వలస వస్తుంది. శాన్ ఆంటోనియో నగరానికి దగ్గర్లో బ్రాకెన్ గుహ అని వొకటుంది. ఆ వొక్క గుహలోనే ఎండాకాలంలో కోటిన్నరకు పైగా గబ్బిలాలు చేరతాయి. అందులో పెద్దవన్నీ దాదాపు తల్లులే. ఈ వలస కూడా మన పాలమూరు కూలీల వలస వంటిదే. పని వున్నచోటికి పోవడం, పిల్లల్ని అక్కడే సాకడం, పని అయిపోతే తిరిగి రావడం.

ప్రతి తల్లీ జూన్‌లో వొక్క పిల్లను కంటుంది. ఏడాదికి అదొక్కటే. మేతకు పోయి తిరిగొచ్చిన తల్లి, చీకటి గుహలో లక్షల పిల్లల మధ్య తన పిల్లను అరుపును బట్టీ వాసనను బట్టీ పోల్చుకుని పాలిస్తుంది. పాలిచ్చే రోజుల్లో తల్లి వొక్కో రాత్రి తన బరువులో మూడింట రెండు వంతుల దాకా పురుగులు తినగలదు. అరవై కిలోల మనిషి నలభై కిలోల తిండి తిన్నట్టు లెక్క. పిల్లలకు పాలు కావలసిందీ, లోయలోంచి పురుగు లేచేదీ సరిగ్గా వొకే నెల.

ఈ రెండూ ఎక్కడ కలుస్తాయన్నది చాలాకాలం ఎవరికీ తెలీదు. సాయంత్రాల్లో వాతావరణ రాడార్ల తెరమీద గుహలనుంచి లేచే గబ్బిలాల గుంపు వానమబ్బులాగా కనపడేది. 1990 దశకంలో శాస్త్రజ్ఞులు గాలిబుడగలకు మైకులు కట్టి పైకి వదిలారు. వందల మీటర్ల ఎత్తున, పురుగులు సాగిపోయే దారిలోనే గబ్బిలాల వేటకూతలు వినపడ్డాయి. తర్వాత రెట్టలను పరీక్షిస్తే అందులో కంకి పురుగు ఆనవాళ్లు దొరికాయి. పురుగుల రాక ఎక్కువైన రోజుల్లో రెట్టలోనూ అవి ఎక్కువగా వున్నాయి. మనిషి కంటికి కనపడని ఎత్తులో, మనిషి నిద్రపోయే వేళ, గుడ్లు పెట్టబోయే పురుగును చేలో దిగకముందే పట్టేస్తోంది గబ్బిలం.

పురుగు మాత్రం వూరికే దొరికిపోదు. గబ్బిలం మన చెవికందని కూత వేసి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి పురుగు జాడ కనిపెడుతుంది. పురుగుకు ఒంటికి రెండు పక్కలా చెవులున్నాయి. కూత పట్టడానికి వొక్కో చెవిలో రెండే రెండు నరాల కణాలు. కెన్నెత్ రోడర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1950, 60 దశకాల్లో ఈ జాతి పురుగులను పరిశీలించి ఆ రెండు కణాల మహిమ లోకానికి చూపాడు. కూత దూరాన వినపడితే పురుగు పక్కకు తప్పుకుంటుంది. దగ్గర పడితే రెక్కలు ముడిచి రాయిలాగా కిందికి జారిపోతుంది. కొన్ని దొరుకుతాయి, కొన్ని తప్పించుకుంటాయి. ఈ పోరు మనిషి పుట్టకముందు నుంచీ వుంది. ఇందులో పురుగు జాతి నాశనం కాలేదు, గబ్బిలం జాతి పస్తుండలేదు, మొక్క కూడా మిగిలింది.

చేసిన పనికి ఖరీదు

ఈ పనికి అక్కడివాళ్లు ఖరీదు కట్టారు. 2006లో ప్రచురించిన పరిశోధన వొకటి దక్షిణ మధ్య టెక్సాస్‌లో ఎనిమిది కౌంటీల ప్రాంతాన్ని లెక్కలోకి తీసుకుంది. అక్కడ పత్తి సుమారు పదివేల ఎకరాలు. ఏటా పంట విలువ 46 లక్షల నుంచి 64 లక్షల డాలర్ల దాకా. అందులో గబ్బిలాలు కాపాడిన కాయ, కొట్టనక్కర్లేకపోయిన మందు రెండూ కలిపితే సగటున ఏడాదికి 7 లక్షల 41 వేల డాలర్లని తేలింది. పంట విలువలో పదో వంతుకు మించి. ఇందులో గబ్బిలానికి ముట్టిన కూలి సున్న.

అసలు చూడవలసింది 2014లో వచ్చిన మరో లెక్క. అమెరికాలో ఈ గబ్బిలాలు తిరిగే పత్తి ప్రాంతాలకు గబ్బిలం చేసే మేలు విలువ 1990లో దాదాపు 2 కోట్ల 40 లక్షల డాలర్లుండగా, 2008 నాటికి 49 లక్షలకు లోపుకు పడిపోయింది. ఐదింట నాలుగు వంతులు తుడిచిపెట్టుకుపోయింది. గబ్బిలం పని మానేసిందా? లేదు. పత్తి ధర పడిపోయింది, బి.టి. పత్తి విత్తనం వచ్చింది. అంతే. అదే గబ్బిలం, అదే రాత్రి, అదే పురుగు. పని మారలేదు, ఖరీదు మారింది.

కోతమిషను దిగిన వూళ్లో కూలీకి ఈ లెక్క వివరించి చెప్పే పనిలేదు. నిన్నటిదాకా ఆ చేతులే కోశాయి, ఆ నడుములే వంగాయి. మిషను రాగానే ఆ చేతులకు విలువ లేదంటాడు ఆసామి. వాన పడి చేను వొరిగిపోయి మిషను దిగలేని ఏడు మళ్లీ ఆ చేతుల కోసమే కబురు పెడతాడు. టెక్సాస్‌లోనూ అదే జరిగింది. బి.టి. విత్తనంలోని విషాలను తట్టుకునే కంకి పురుగు 2010 దశకం చివరికల్లా టెక్సాస్‌తో సహా దక్షిణ రాష్ట్రాల్లో విస్తరించింది. మిషను మొరాయించినట్టే విత్తనం మొరాయించింది. గబ్బిలం మాత్రం గుహలోంచి ప్రతి సాయంత్రమూ లేస్తూనే వుంది. మార్కెట్టు వేసే ఖరీదు చూసి ఎవరి శ్రమనైనా తూచడం ఎంత మోసమో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

విషం ఎవరిమీద పనిచేస్తుంది

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. వెయ్యి గుడ్లకూ వొక్క పిల్లకూ వున్న తేడాలోనే మందు రాజకీయమంతా వుంది.

చేలో వెయ్యి పురుగులున్నాయనుకుందాం. మందు కొడితే తొమ్మిది వందల తొంభై చచ్చాయి. మందు మంచిదని రైతు సంతోషిస్తాడు. కాని ఆ మిగిలిన పది ఎవరు? ఆ మందును తట్టుకున్నవి. అందులో సగం ఆడవనుకున్నా, నెల తిరిగేసరికి ఐదువేల గుడ్లు. పుట్టేవాటిలో ఎక్కువ భాగం తల్లిదండ్రుల మొండితనం తెచ్చుకున్నవే. రెండో విడత కొడితే చచ్చేవి తగ్గుతాయి, మూడో విడతకు ఇంకా తగ్గుతాయి. అప్పుడు దుకాణదారు కొత్త మందు చూపిస్తాడు. ఖరీదు రెట్టింపు. ఎలాగూ అరువే గదా అంటాడు.

అదే దెబ్బ గబ్బిలాలకు తగిలిందనుకుందాం. వెయ్యి తల్లుల్లో పదే మిగిలితే వచ్చే ఏడాదికి పుట్టేది పది పిల్లలు. అవైనా అన్నీ బతికితే. పోయిన గుంపు తిరిగి నిండాలంటే తరాలు పడుతుంది. పైగా విషం తాకిన పురుగులను రాత్రికి వందలకొద్దీ తింటుంది గనక, వొక్కొక్కదాంట్లో వున్న చుక్కా దాని ఒంట్లో కుప్పగా చేరుతుంది. పురుగుకు తగిలింది ఆ రోజు మందే. గబ్బిలానికి తగిలేది సీజనంతటి మందు. పిల్లకు పాలతో పాటు అదీ పోతుంది.

ఇది మా వూహ కాదు. న్యూమెక్సికోలోని కార్ల్స్‌బాడ్ గుహల పిల్ల గబ్బిలాలను పరీక్షించి 1976లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతే బయటపెట్టింది. తల్లిపాలతో వచ్చిన డి.డి.టి. అవశేషం పిల్లల కొవ్వులో దాగి వుంది. గుహలో వున్నన్నాళ్లూ పైకి ఏమీ తెలీదు. వలస ప్రయాణపు శ్రమలో కొవ్వు కరిగితే విషం మెదడుకెక్కి ప్రాణం తీసే స్థాయికి చేరుతుంది. అమెరికా తన పంటల మీద డి.డి.టి.ని 1972లో నిషేధించింది. అప్పటికే ఆ విషం ఇంకా చాలామంది ఒంట్లో చేరింది.

ఆ చాలామందిలో మనుషులూ వున్నారు. 1942 నుంచి 1964 వరకు అమెరికా, మెక్సికో ప్రభుత్వాల మధ్య బ్రాసెరో ఒప్పందం నడిచింది. ఆ ఒప్పందం కింద లక్షలమంది మెక్సికో కూలీలు అమెరికా చేలల్లో పనికి పోయారు. సరిహద్దు దగ్గర వాళ్లను వరుసలో నిలబెట్టి ఒంటి మీద డి.డి.టి. చల్లి లోపలికి పంపేవాళ్లు. టెక్సాస్‌లోని హిడాల్గో కేంద్రంలో 1956లో తీసిన ఫోటో నేటికీ వుంది. మందు చల్లే వుద్యోగి ముఖానికి ముసుగు వుంది. చల్లించుకునే కూలీ ముఖానికి లేదు. హిడాల్గో ఆ రియో గ్రాండే లోయలోదే. పురుగు లేచే లోయ అది, కూలీ దాటే సరిహద్దు అది. వొకే విషం కూలీ మీదా, గబ్బిలం మీదా, పురుగు మీదా పడింది. ముగ్గురిలో దాన్ని తట్టుకుని నిలిచింది పురుగే.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. 1960 దశకం చివర, సరిహద్దుకు ఆవల ఈశాన్య మెక్సికోలో ఈ పురుగుకు దగ్గరి చుట్టమైన పొగాకు మొగ్గ పురుగు అప్పుడున్న మందులన్నిటినీ తట్టుకుంది. లక్షల ఎకరాల పత్తి సాగు కుప్పకూలింది. మందు కంపెనీలు అప్పటికే సొమ్ము చేసుకున్నాయి. పని పోయింది పత్తి ఏరే కూలీలకు.

మన పత్తి చేలల్లో

ఇదంతా పరాయి దేశపు కథ అనుకోవడానికి వీల్లేదు. శనగపచ్చ పురుగు ఇదే ఆటను మన దగ్గరా ఆడింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు పైరెత్రాయిడ్ మందులు విడత మీద విడత కొట్టారు. పురుగు వాటికి లొంగలేదు. తెల్లదోమ వొకపక్క, ఇది వొకపక్క. అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 1997-98లో వరంగల్ జిల్లాలో, చుట్టుపక్కల జిల్లాల్లో మళ్లీ అదే. పురుగును చంపని మందే రైతును చంపింది. 2002లో బి.టి. పత్తికి అనుమతిచ్చి ఇక బాధలు తీరినట్టేనన్నారు. కాయతొలుచు పురుగు కొంత తగ్గిన మాట నిజం. ఆ తర్వాత గులాబీ రంగు పురుగు మొదటి రకం బి.టి.ని గుజరాత్‌లో తట్టుకుందని 2010లో కంపెనీయే వొప్పుకోవలసి వచ్చింది. రెండో రకమూ నిలవలేదు. 2015 తర్వాత తెలంగాణ, ఆంధ్ర పత్తి చేలల్లో గులాబీ పురుగు లేని కాయ వెతుక్కోవలసిన స్థితి వచ్చింది.

2017లో మన ఆదిలాబాద్‌కు పెన్‌గంగ అవతల వున్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో బి.టి. పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. అందులో చాలామంది రోజుకూలికి పంపు భుజానికెత్తుకున్నవాళ్లు. నిలువెత్తు పత్తిలో నడుస్తూ, గాలికి ఎదురుగా, ముఖానికి గుడ్డపేలిక కట్టుకుని కొట్టినవాళ్లు. చేను వారిది కాదు, లాభం వారిది కాదు, ఊపిరి మాత్రం వారిదే.

గబ్బిలం పోయినచోట ఏం జరుగుతుందో చెప్పే లెక్క కూడా ఇప్పుడు మన చేతిలో వుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో 2006 నుంచి తెల్లముక్కు జబ్బనే బూజు రోగం సోకి, చలికాలమంతా గుహల్లో నిద్రించే వేరే జాతుల గబ్బిలాలు లక్షలకొద్దీ చచ్చిపోయాయి. అలా పోయిన కౌంటీలను 2024లో చికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఎయల్ ఫ్రాంక్ పరిశీలించాడు. అక్కడ రైతులు పురుగుమందు వాడకం సగటున 31 శాతం పెంచారని తేలింది. ఆ కౌంటీల్లోనే ఏడాది నిండని పసిపిల్లల చావులు దాదాపు 8 శాతం పెరిగాయి. గబ్బిలం మానేసిన పనిని మందు చేయబోయింది. దాని ఖరీదు పసిపిల్లలు చెల్లించారు. ధనిక దేశంలోనే ఇలా వుంటే, మందు డబ్బాను కడిగి నీళ్లు పట్టుకునే మన కూలీపేటల మాటేమిటి?

పాలకుల కంట్లో గబ్బిలం

ఇంత మేలు చేసే జీవిని పాలకులు ఎలా చూశారో కూడా చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఈ విడితోక గబ్బిలాలనే టెక్సాస్ గుహల్లో పట్టి, వాటికి చిన్న చిన్న నిప్పుబాంబులు కట్టి జపాన్ పట్టణాల మీద వదలాలని పథకం వేసింది. 1943లో పరీక్ష చేస్తుండగా అవి తప్పించుకుపోయి కార్ల్స్‌బాడ్ దగ్గర కొత్తగా కట్టిన విమాన స్థావరాన్నే తగలబెట్టాయి. 1944లో పథకం మానుకున్నారు. పత్తిని కాపాడే జీవిలో వాళ్లకు కనపడింది బాంబు మోసే కూలీ.

మన దగ్గర సంగతి వేరుగా ఏమీ లేదు. 1972 వన్యప్రాణి చట్టం పండు గబ్బిలాలను ఎలుకలతో, కాకులతో కలిపి హానికర జంతువుల పట్టికలో రాసింది. ఎవరైనా చంపవచ్చు, అడిగేవాడు లేడు. యాభై ఏళ్ల తర్వాత, 2022 సవరణలో గాని ఆ పట్టిక పోలేదు. చట్టం రాసింది పండు గబ్బిలం గురించే అయినా, జనం చేతిలో పురుగులు తినే చిన్న గబ్బిలానికీ అదే గతి పట్టింది. పాడుబడ్డ గుళ్లలో పొగపెట్టారు, చింతలు, మర్రులు నరికారు. గబ్బిలం ఇంట్లో దూరితే అరిష్టమని చీపురు తిరగేశారు. గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ కావ్యం రాస్తూ, వెలివేయబడ్డ పేదవాడి మొర శివుడికి మోసుకుపోయే పనిని ఈ అరిష్టపు జీవికే అప్పజెప్పాడు. అరిష్టమనే ముద్ర ఎవరిమీద ఎవరు వేస్తారో మన పేటల జనానికి బాగా తెలుసు.

గబ్బిలాల వల్ల జబ్బులు రావా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కొన్ని గబ్బిలాల్లో మనిషికి సోకే క్రిములుంటాయి. నేలమీద పడ్డ గబ్బిలాన్ని వట్టి చేతుల్తో ముట్టుకోకూడదు. కరిస్తే వెంటనే సబ్బునీళ్లతో కడిగి ఆస్పత్రికి పోవాలి. అది కొరికిన పండు తినకూడదు. ఇంతవరకూ జాగ్రత్త అవసరం. కాని గుంపును చెదరగొట్టి, పొగపెట్టి చంపితే జబ్బు పోదు. మిగిలినవి భయపడి నాలుగు చోట్లకు చెదిరిపోతాయి. మెక్సికోలో రక్తం తాగే గబ్బిలాలనే భయంతో గుహలకు నిప్పుపెట్టి చంపినవాటిలో పురుగులు తిని పంటను కాచే ఈ విడితోక గబ్బిలాలూ వున్నాయి.

మనం అడగవలసింది

మన వరి మీద, పత్తి మీద ఏ గబ్బిలం ఎంత పురుగు తింటోందో చేను చేనునా లెక్క తీయాలి. థాయిలాండ్‌లో ఆ పని చేశారు. అక్కడి గుహల్లో వుండే ముడత పెదవుల గబ్బిలం వరిమీది తెల్లవీపు దోమను తింటుంది. దానివల్ల ఏటా మూడువేల టన్నులకు దగ్గరగా వడ్లు నష్టం కాకుండా నిలుస్తున్నాయని 2014లో లెక్క తేల్చారు. ఆ గబ్బిలం మన దేశంలోనూ వుంది. దోమపోటుకు ఏటా వేలకు వేలు మందుకు పోసే గోదావరి, కృష్ణా డెల్టాల కౌలురైతుకు ఈ లెక్క అక్కర్లేదా? మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఈ పనికి పూనుకోవాలి. కంపెనీల మందులను పరీక్షించడానికి పొలాలున్నప్పుడు గబ్బిలాన్ని పరీక్షించడానికి వుండవా?

రెండోది, పురుగు కనపడగానే మందు కాదు. లింగాకర్షక బుట్టల్లో పడే రెక్కల పురుగులను లెక్కపెట్టి, నష్టపరిచే హద్దు దాటితేనే కొట్టాలి. ఈ మాట చెప్పవలసింది ప్రభుత్వ వుద్యోగి గాని, మందు అమ్ముకునే దుకాణదారు కాదు. ఇప్పుడు చాలా వూళ్లలో రైతుకు సలహాదారు, అప్పు ఇచ్చేవాడు, మందు అమ్మేవాడు వొకడే. ఆ ముడి విప్పకుండా ఏ పురుగూ తగ్గదు.

మూడోది, మందు కొట్టే కూలీ ప్రాణానికి పూచీ. చేతి తొడుగులు, ముసుగు, మంచి పంపు ఆసామి ఇవ్వాలి. లేకపోతే మందు కొట్టడానికి రానని చెప్పే హక్కు కూలీకి వుండాలి. విషం సోకితే వైద్యం, కూలి నష్టం రెండూ ఇప్పించాలి. పురుగుకు పనిచేయని మందు అమ్మిన కంపెనీ చేత పరిహారం కక్కించాలి.

నాలుగోది మన చేతిలోనే వుంది. వూళ్లో పాత గుడి, పాత కోట, పాడుబావి, పెద్ద చెట్టు ఏది వున్నా, గబ్బిలాలున్నచోట పొగపెట్టనివ్వకండి. పిల్లలున్న కాలంలో అసలే కదిలించనివ్వకండి. ఆ వొక్క పిల్లా పోతే ఏడాదిదాకా మరొకటి పుట్టదు.

గబ్బిలం వొక్కటే మన పురుగు బాధనంతా తీర్చేస్తుందని మేం చెప్పడం లేదు. టెక్సాస్‌లో కోట్ల గబ్బిలాలున్నా రైతు కొంత మందు కొడుతూనే వున్నాడు. కాని రెంటినీ పక్కన పెట్టి చూస్తే వొక సంగతి స్పష్టం. మందు వాడకం పెరిగేకొద్దీ పురుగు గట్టిపడుతుంది, పురుగును తినేవాడు పోతాడు, మళ్లీ మందే దిక్కవుతుంది. ఈ చక్రం తిరిగినంత కాలం లాభం వొకే దిక్కుకు పోతుంది. దీన్ని ఆపే పని పురుగు చేయదు, కంపెనీ చేయదు. వ్యవసాయ కార్మికులూ, పేద రైతులూ, కౌలుదార్లూ కలిసి చేయవలసిన పని ఇది. గబ్బిలం తరఫున ధర్నా చేయమని మేం అనడం లేదు. మన తరఫున చేసే ధర్నాలో, మన కూలి లెక్క పక్కన, దాని లెక్క కూడా రాసి పెట్టమంటున్నాం.